మూత మీద పేరు

ఎడిసన్, న్యూజెర్సీ
జనవరి

తారా,

వద్దు అని రాసిన మనిషి నిజంగా వద్దనుకుందా, లేక అలా రాయడం ఆ రోజుల్లో మర్యాద కాబట్టి రాసిందా? పదిహేనేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న మీదే నా ఉద్యోగం నడుస్తోంది. ఇంకా జవాబు లేదు.

ఫోన్ ఉండగా ఈ కాగితం గోల ఏమిటంటావు. ఈ సెమిస్టర్ మా కాలేజీ పిల్లలకి, నెలకో ఉత్తరం ఎవరో ఒక స్నేహితురాలికి చేత్తో రాసి పోస్ట్ చేయమని హోంవర్క్ ఇచ్చాను. పదిహేడో శతాబ్దం ఇంగ్లాండులో ఆడవాళ్ళ రాతలు చాలామటుకు అలాగే తిరిగాయి. ఒకావిడ పద్యం రాస్తుంది, వదినగారు కాపీ చేసుకుంటుంది, అక్కణ్ణుంచి మేనకోడలి చేతికి వెళ్తుంది. అచ్చుకెక్కడమంటే నలుగురు మగాళ్ళ మధ్య వీధిలో నిలబడటమే అనుకునేవాళ్ళు. పిల్లల చేత రాయించి నేను రాయకపోతే ఏం బాగుంటుంది? అందుకని నువ్వు దొరికావు.

నా అవిస్ కథ మళ్ళీ చెప్తాను, విసుక్కోకు. అవిస్ థార్న్‌బరో ఓ మోస్తరు భూస్వామి భార్య. మొగుడి గురించి, పోయిన పిల్లల గురించి, వంటింటి పొగ గురించి పద్యాలు రాసి చుట్టాల ఆడవాళ్ళకి పంపేది. ప్రతిదాని కిందా ఒకటే మాట: ఇది మీ కళ్ళకి మాత్రమే, అచ్చుకిస్తే సిగ్గుతో చచ్చిపోతాను. ఎవరో వాటిని లండన్ పట్టుకెళ్ళి అచ్చు వేయించారు. పేరు లేకుండా, ‘ఒక గౌరవనీయురాలు రాసినవి’ అని. ఎవరిచ్చారో ఈనాటికీ తెలియదు. నా థీసిస్ అంతా ఒక్క ముక్క: ఆవిడే ఇచ్చింది, లేదా ఇవ్వనిచ్చింది. ఆ కాలపు ఆడవాళ్ళు బయటికి వెళ్ళడానికి ‘వద్దు’ అనే ముసుగు వేసుకునేవాళ్ళని.

మొన్న క్లాసులో రియా అని ఒకమ్మాయి, మన తెలుగువాళ్ళ పిల్లే, ఇక్కడే పుట్టింది, చెయ్యెత్తి “బట్ ప్రొఫెసర్, వాట్ ఇఫ్ షీ జస్ట్ మెంట్ నో?” అంది. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నా నవ్వు నాకే నచ్చలేదు.

ఇంకో పని కూడా నెత్తిన పడింది. మా తెలుగు సంఘం ఉగాది సావనీర్‌లో సాహిత్యం పేజీలు ‘మీరే చూడాలమ్మా’ అని లక్ష్మీపతి గారు అప్పజెప్పారు. వచ్చినవన్నీ గోరుముద్దలూ గోదావరి గట్లూ. ఒక్కటైనా బతికున్న మనిషి రాసినట్టు లేదు. హాస్టల్లో నువ్వు రాసేదానివి కదా. ఇప్పుడేమైనా రాస్తున్నావా? మీ ఆయన రఘు గారిని అడిగానని చెప్పు.

నీ
జయ


అల్ఫారెట్టా, జార్జియా
ఫిబ్రవరి

ఏమే ప్రొఫెసరమ్మా,

చేత్తో అడ్రస్ రాసిన కవరు చూసి రఘు “ఎవరి పెళ్ళి?” అన్నాడు. జయ ఉత్తరం అంటే నమ్మలేదు. “ఆవిడకి ఫోన్ కట్ చేశారా?” అని ఒకటే నవ్వు. చాలా రోజులకి నవ్వాడు. అందుకైనా నీకు థాంక్స్.

నా అక్షరాలు చూసి నువ్వు నవ్వకు. గ్రోసరీ తప్ప కాగితం మీద ఏం రాశాను ఇన్నేళ్ళూ? నీ అవిస్‌కి వంటమనిషి ఉండి ఉంటుందిలే, పొగ గురించి పద్యాలు రాసిందంటే.

జయా, ఒక సంగతి. ఫోన్‌లో చెప్తే ఈ ఇంట్లో ప్రతి గోడకీ వినపడుతుంది. రఘు ఉద్యోగం పోయింది. అక్టోబర్‌లో. నాతో చెప్పలేదు. నవంబర్‌లో లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇద్దామని వెళ్తే పార్కింగ్‌లో మా కారు కనపడింది. లోపల రఘు. సీటు వెనక్కి వాల్చుకుని, ఒళ్ళో నేను కట్టిన డబ్బా పెట్టుకుని తింటున్నాడు. పుస్తకాలు ఇవ్వకుండానే వెనక్కి వచ్చేశాను.

అప్పట్నుంచి రోజూ డబ్బా కడుతూనే ఉన్నాను. తను ఇస్త్రీ షర్టు వేసుకుని వెళ్తాడు. సాయంత్రం వచ్చి మీటింగ్‌లో ఎవరేమన్నారో చెప్తాడు. నేను “అవునా” అంటాను. నా ఉద్యోగం ఉంది, గ్రీన్‌కార్డ్ ఉంది, రోడ్డున పడేదేం లేదు. నా భయమల్లా ఒక్కటే. నాకు తెలుసని తనకి తెలిసిన రోజు తన మొహం ఎలా ఉంటుందో నేను చూడలేను. తనంతట తను చెప్పాలి. చెప్పేదాకా డబ్బా కడతాను.

అడిగావు కాబట్టి పంపుతున్నాను. ఇదొక్కటే రాశాను.

పొద్దున్నే డబ్బా కడతాను.
కింద గిన్నెలో అన్నం, పైన బీరకాయ పచ్చడి,
పక్కన నేను అడగని ప్రశ్న.
మూత మీద మామగారి పేరు, వీరభద్రరావు,
చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది.
ఆయన ఎప్పుడూ అబద్ధమాడలేదట.
ఆ పేరునే గట్టిగా మూసి చేతికిస్తాను.
సాయంత్రం డబ్బా ఖాళీగా వస్తుంది,
ఎండలో నిలిపిన కారు వాసనతో.
ఇద్దరం కడుపు నిండినట్టే ఉంటాం.

ఎవరికీ చూపించకు. నీ సావనీర్‌కి అసలే కాదు. చదివి చించెయ్.

తార


ఎడిసన్
మార్చి

తారా,

రఘు గారి సంగతి రెండుసార్లు చదివాను. రోజూ సాయంత్రం ఆ మీటింగ్ కబుర్లు వింటూ “అవునా” అనడం ఎలా చేతనవుతోందే నీకు? నేనైతే మొదటి రోజే అరిచి గోల చేసేదాన్ని. బహుశా అందుకే ఇన్నేళ్ళుగా ఒంటరిగా ఉన్నాను.

ఇక నీ కవిత. దాన్ని మెచ్చుకోవడానికి నా దగ్గరున్న మాటలన్నీ క్లాసులో వాడి వాడి అరిగిపోయినవే. ‘నేను అడగని ప్రశ్న’ని అన్నం పక్కన పెట్టావు చూడు, అక్కడ ఆగిపోయాను. హాస్టల్లో రాసిన తార కాదు ఈ మనిషి. నీకు తెలియదు నువ్వేం రాశావో.

చించమన్నావు. చించలేదు. నా వృత్తి నాకది నేర్పలేదు. చించమన్నవాళ్ళ మాట విని చించిన చుట్టాలే ఎక్కువ కాబట్టి మాకు ఇప్పుడు చదవడానికి ఇంత తక్కువ మిగిలింది. అవిస్ కాలంలో ఒక పద్ధతుండేది. పేరు లేకుండా ‘ఒక స్త్రీ’ అంటే చాలు, మనిషి ఇంట్లోనే ఉండిపోయేది, మాట మాత్రం ఊరు తిరిగేది. అది గౌరవమైన పద్ధతే అనిపిస్తుంది నాకు. నువ్వేమంటావు?

ఇక్కడ ఇంకా మంచు కరగలేదు. ఆదివారం ఓక్ ట్రీ రోడ్‌లో వేపపువ్వు కోసం నాలుగు ఇండియన్ షాపులు తిరిగాను. ఆరోగ్యం జాగ్రత్త.

జయ


అల్ఫారెట్టా
ఏప్రిల్

జయంతి గారికి,

మీ మార్చి ఉత్తరంలో పద్ధతుల గురించి చదివినప్పుడు మీరు అవిస్ గురించి రాస్తున్నారనుకున్నాను.

ఉగాదికి మా ఊళ్ళోనే ఉండే మనీషా వాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం. నేను పులిహోర పట్టుకెళ్ళాను, మా అత్తగారి పెద్ద గిన్నెలో. మా ఇంట్లో ప్రతి స్టీలు సామాను మీదా మామగారి పేరు కొట్టించి ఉంటుంది. ఇక్కడ భోజనాలయ్యాక ఎవరి గిన్నె ఎవరిదో మూత తిప్పి పేరు చూసి ఇచ్చేస్తారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో తెలుగువాళ్ళందరూ ఆ పేరు చదివినవాళ్ళే. నేను గిన్నెతో లోపలికి రాగానే పిల్లలు “వీరభద్రరావు గారొచ్చారు” అని అరుస్తారు. అంత బాగా తెలుసు.

మనీషా అక్కగారు మీ పక్కనే ఐసెలిన్‌లో ఉంటారు. మీ సావనీర్ ఆవిడ వాట్సాప్‌లో పంపారట. మనీషా ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చి, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని, “తారా, ఇది నువ్వేగా రాసింది? డబ్బా కారులో తింటున్నారంటే రఘు గారికి జాబ్ పోయినట్టేగా, ఒక్క మాట చెప్పకూడదా?” అంది. మంచిదే పాపం. గొంతు పెద్దది.

రఘు నా వెనకే ఉన్నాడు, చేతిలో ప్లేటుతో. ఫోన్ తీసుకుని మొత్తం చదివాడు. పైన ‘ఒక స్త్రీ, అల్ఫారెట్టా’ అని ఉంది. మధ్యలో వాళ్ళ నాన్న పేరు ఉంది. “ఎప్పట్నుంచి తెలుసు?” అన్నాడు, మెల్లగా. నవంబర్ అన్నాను. తల ఊపి ప్లేటు బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గరికెళ్ళాడు. అక్కడి గుట్టలో తన చెప్పులు వెతుక్కుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు. నేను వెళ్ళి వెతికిపెట్టలేదు.

ఏ మొహం నేను చూడలేనని మీకు రాశానో, ఆ మొహాన్ని ఇరవై మంది మధ్య చూశాను.

తార


ఎడిసన్
ఏప్రిల్

తారా, నా తారా,

ఫోన్ ఎత్తడం లేదు నువ్వు. ఎత్తకపోవడమే న్యాయం.

ఎలా రాయాలో తెలియక నాలుగుసార్లు మొదలుపెట్టాను. తప్పు నాది. చెడు చేయాలని కాదు. నీ కవిత ఆ గోరుముద్దల మధ్య ఒక్కటే నిలబడింది. దాన్ని డ్రాయర్‌లో పెట్టి మూయడం నావల్ల కాలేదు. నువ్వు వద్దన్నది నేను చదవలేదని కాదు. చదివాను. అలవాటు కొద్దీ చదివాను తారా. నాకు అది అవిస్ రాసిన ‘వద్దు’లా కనపడింది. పంపినావిడ చదవాలనే కదా పంపింది, చదివించాలని లోపలెక్కడో ఉండే ఉంటుంది అనుకున్నాను. ఇన్నేళ్ళు పిల్లలకి నేర్పిన పాఠం నీ మీద ప్రయోగించాను.

పేరు తీసేశాం కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాను. మామగారి పేరు సంగతి నా కంట పడలేదు. ప్రూఫులు హడావుడిగా వచ్చాయి, లక్ష్మీపతి గారు సాయంత్రంలోగా పంపేయమన్నారు, కమిటీలో వేరేవాళ్ళు కూడా చూశారు. పడి ఉంటే ఆ ఒక్క మాటా మార్చేదాన్నే.

ఆన్‌లైన్ కాపీలోంచి తీయించేశాను. అచ్చయినవి పంచేశారట. రఘు గారికి నేను రాయనా? ఏమని రాయమంటావో చెప్పు, అదే రాస్తాను.

జయ


అల్ఫారెట్టా
మే

జయంతీ,

‘మీరు’ అని రాయడం మానేశాను. క్షమించానని కాదు. కోపంలో ‘మీరు’ అంటే నాకే నాటకంలా ఉంది.

నీ ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది. అది నీకూ తెలుసు. నేను ‘ఆ పేరునే గట్టిగా మూసి చేతికిస్తాను’ అని రాశాను. సావనీర్‌లో ‘ఆ పేరునే బిగించి చేతికిస్తాను’ అని ఉంది. నువ్వే మార్చావు. బాగుంది కూడా. పేరు ఉన్న పాదాన్ని దాటి కిందికి వెళ్ళి మాట మార్చిన మనిషికి పేరు కంట పడలేదా? హాస్టల్లో నా ఉత్తరాలు విప్పి చదివి, మళ్ళీ అంటించి, “తడిసిందే” అనేదానివి. అంతకంటే బాగా అబద్ధమాడటం ఇన్నేళ్ళ చదువూ నేర్పలేదేం నీకు?

రఘుకి నువ్వేం రాయక్కర్లేదు. నాతో పోట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్న నేను డబ్బా తీస్తుంటే “ఇంక చాలు తారా” అన్నాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. “అన్నా, రెస్యూమె పంపు, మా మేనేజర్‌తో మాట్లాడతా” అని. అందరూ మంచివాళ్ళే. ఫోన్ పెట్టేశాక తను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుతాడు. నేను హాల్లో టీవీ సౌండ్ పెంచుతాను. ఇంతకు ముందు ఒక అబద్ధాన్ని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మోసేవాళ్ళం. ఇప్పుడు పట్టుకోవడానికి అది కూడా లేదు.

ఇంకోటి చెప్తాను. నీకు చెప్పకూడదు. చెప్తే నువ్వు దాంతో ఏం చేస్తావో నాకు తెలుసు. మనీషా ఫోన్‌లో నా మాటలు అచ్చక్షరాల్లో చూసినప్పుడు, కోపం రావడానికి ముందు, రఘు వెనక ఉన్నాడని గుర్తు రావడానికి ముందు, ఒక్క క్షణం ఇంకేదో వచ్చింది. దాని పేరు రాయను. అక్కడ నా మొగుడు చెప్పులు వెతుక్కుంటుంటే, అది వచ్చిన మనిషిని నేనేనా అని ఈ నెలంతా సిగ్గుతో కాలిపోతున్నాను. నువ్వు నాకు చేసినవాటిలో ఇదే అన్నిటికంటే చెడ్డది. ఆ క్షణం నాలో ఉందని నాకు తెలియకుండా బతికేదాన్ని.

చివరగా, రఘు మాట. ఇప్పుడు వంట తనే చేస్తున్నాడు, అన్నిట్లోనూ ఉప్పెక్కువ. నిన్న పప్పు కలుపుతూ, “మీ ఫ్రెండ్‌ని ఒకసారి రమ్మను. నా గురించి అంత శ్రద్ధగా చదివినావిడకి భోజనం పెట్టకపోతే ఏం బాగుంటుంది?” అన్నాడు. వెటకారమా, నిజమా అని అడిగాను. “రమ్మను” అన్నాడు, అంతే. నాకు తెలియదు. నేను రమ్మనడం లేదు, వద్దనడమూ లేదు. తన మాట నీకు చేరవేస్తున్నాను.

తార


ఎడిసన్
జూన్

తారా,

పేరు చూశాను. ఆ పాదం దగ్గర పెన్ను ఆపాను. ‘మామగారి పేరు’ అని వదిలేసి, ఆ పేరు కొట్టేసి చదివి చూశాను. కవిత చప్పబడిపోయింది. ‘తాతగారు’ అని పెట్టి చూశాను. ఇంకేదో పేరు పెట్టి చూశాను, అది ఎవరి ఇంటి గిన్నో అయిపోయింది. మళ్ళీ వీరభద్రరావు అని రాసి, కింద మాట బిగించాను. అల్ఫారెట్టాలో ఎవరైనా గుర్తుపడతారేమోనన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను. మంచి పాదం కోసం నీ ఇంటిని పణం పెట్టాను. ఆ తర్వాత నీకు అబద్ధం రాశాను, ఆ అబద్ధంలోకి పాపం లక్ష్మీపతి గారిని కూడా లాగాను.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. నువ్వు నన్ను సరిగ్గానే అంచనా వేశావు. మే ఉత్తరంలో ఆ ఒక్క క్షణం గురించి రాశావు చూడు, అది చదివిన వెంటనే నా మనసు తేలికపడింది. ‘అదిగో, వద్దనుకోలేదు’ అనుకున్నాను. రఘు గారు కుళాయి తిప్పుకోవడం చదివిన కళ్ళతోనే, దాని కింద పేరాలో నా థీసిస్‌కి రుజువు వెతుక్కున్నాను. తర్వాత లేచి కాగితం బోర్లా పెట్టేశాను. ఒక క్షణం సంతోషం కలిగిందంటే, అంతకు ముందు చెప్పిన ‘వద్దు’ అబద్ధమైపోదు. ఇంత చిన్న విషయం నాకు తెలియడానికి నీ సంసారం ఖర్చయింది.

సంఘం వాళ్ళకి రాజీనామా పంపాను. ఎందుకని అడిగితే ఆరోగ్యం అన్నాను. చూశావా, అక్కడా నిజం చెప్పలేకపోయాను. నిజం చెప్తే మళ్ళీ నీ పేరే ఎత్తాలి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందులో ఎంత నీ కోసమో, ఎంత నా కోసమో.

క్లాసులో చివరి రోజు అవిస్ గురించి చెప్పాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ చెప్పిన పాఠం నోటికి వచ్చేస్తుంది, ఆపుకున్నాను. “ఆవిడ ఏమనుకుందో నాకు తెలియదు, తెలుసని ఇన్నాళ్ళూ చెప్పాను” అన్నాను. రియా అది రాసుకుంది. ఆ అమ్మాయి వైపు చూడలేకపోయాను.

ఇక రఘు గారి పిలుపు. ఆయన వడ్డిస్తుంటే నేను తల దించుకుని తినడం ఊహించుకుంటాను. ఆయన ఏమీ అనరు. ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు. సరిపోయింది అంటాను. అక్కడితో ఊహ ఆగిపోతుంది. రాకపోతే ఆయన పిలిచిన మాటని కూడా నేను అనుమానించి పక్కన పెట్టినట్టవుతుంది. మీ ఇంట్లోవాళ్ళు చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడం నావల్ల కాదని మళ్ళీ చూపించుకున్నట్టవుతుంది. వస్తే, చెప్పులు విడిచి మీ ఇంట్లోకి అడుగుపెట్టి, మీ ఇద్దరి మధ్యా కూర్చుని, మళ్ళీ అన్నీ చూస్తాను. చూసేదాన్నని నాకు తెలుసు. ఆయన గరిటె ఎలా పట్టుకున్నారో, నువ్వు ఎటు చూశావో, అన్నీ.

న్యూవార్క్ నుంచి మీ అట్లాంటాకి శనివారం ఫ్లైట్లు చూశాను, బుక్ చేయలేదు. రావడం క్షమాపణ అడగటమో, మీ ఇంట్లోకి రెండోసారి చొరబడటమో నాకు తెలియడం లేదు. నువ్వు చెప్తే వింటానని రాయబోయాను. అది కూడా నీ మీదికి తోసేయడమే. నేనే తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతున్నాను.

జయ